హన్మంతు విప్పకుండా కొన్న డబ్బా

నేను దుబాయ్‌లో ఉన్న రోజుల్లో, అంటే ఎనభై నాలుగు, ఎనభై అయిదు ప్రాంతాల్లో, ఊరికి పోయే తెలుగువాడెవడూ హన్మంతుని వెంటబెట్టుకోకుండా టేప్ రికార్డర్ కొనేవాడు కాదు. ఆయన చూసి ‘బరాబర్ ఉన్నది’ అంటే కొన్నట్టే. పెదవి విరిస్తే ఇంకో కొట్టుకి నడవాల్సిందే. అందుకే అందరూ ఆయన్ని చెక్ హన్మంతు అనేవారు.

ఆయనది జగిత్యాల దగ్గర పల్లెటూరు. నాది రాజోలు పక్క. దుబాయ్‌లో కరామా అనే పేటలో ఒకే గదిలో ఉండేవాళ్ళం, ఒకే కంపెనీలో పని. నేను పికప్ బండి డ్రైవర్ని. ఆయన ఆఫీస్ బాయ్. బాయ్ అన్నానని కుర్రాడనుకునేరు. నలభైకి దగ్గర పడ్డ మనిషి. నడినెత్తి మీద జుట్టు ఆయన్ని అడక్కుండానే ఎప్పుడో సెలవు మీద వెళ్ళిపోయింది.

ఆయన చెక్ చెయ్యడం మీరు చూసుండాల్సింది. గొడుగు కొంటే కొట్టు ముందే విప్పి, ఎవరిచేతనైనా పైనుంచి సీసాడు నీళ్ళు పోయించి కింద నిలబడేవాడు. దుప్పటి కొంటే కొట్లోనే నేల మీద పరిచి, పడుకుని, తలదాకా కప్పుకునేవాడు. ఒకసారి అలాగే కునుకు కూడా తీశాడు. సేల్స్‌మన్ మలబారీ లేపి, టీ ఇచ్చి పంపాడు.

ఈ అలవాటు బొంబాయిలో అంటుకుంది. వీసా కోసం ఏజెంటు గదిలో పడి ఉన్నప్పుడు ఫుట్‌పాత్ మీద సీలు వేసిన రేడియో డబ్బా ఒకటి కొన్నాడట. పైన మెరిసే బొమ్మ, చుట్టూ ప్లాస్టిక్ కాగితం. గదికి తెచ్చి విప్పితే లోపల ఇటుక. కదలకుండా దాని చుట్టూ గడ్డి పెట్టి ఎంత పొందిగ్గా సర్దారో ఎప్పుడూ మెచ్చుకుంటూ చెప్పేవాడు.

“గా ఇటుక పెట్టినోడు పనిమంతుడు తమ్మీ. నేనే ఎడ్డోన్ని. గప్పటి సంది సూడంది నూనె గూడ కొనలె.”

అన్నిటికంటే పెద్ద తతంగం టేప్ రికార్డర్‌ది. అది ఎలా పలుకుతుందో చూడాలంటే క్యాసెట్ కావాలి గదా. ఆయన జేబులో ఎప్పుడూ ఒకటే క్యాసెట్ ఉండేది. ఆయన భార్య గౌరవ్వ ఊళ్ళో మాట్లాడి, నింపి పంపిన క్యాసెట్. అప్పట్లో అంతగా చదువు రానివాళ్ళం అందరం అలాగే క్యాసెట్లలో మాట్లాడుకునేవాళ్ళం. హన్మంతు కొట్లో అది పెట్టి, గొంతు పెంచి, రెండు పక్కలా పూర్తిగా వినేవాడు.

“ఏమయ్యా, మంచిగున్నవా. నేను మంచిగున్న. పోరడు మంచిగున్నడు. వాని ఎంటికెలు నడుం దాక అచ్చినయ్. పొద్దుగాల లేత్తె రెండు జడలేసుడే నా పని. మొన్న బస్సుల కండక్టరు ‘నీ బిడ్డకు ఏం పేరు పెట్టినవమ్మా’ అన్నడు. మీ పోరడు లాగు ఇప్పి సూపెట్టిండు. బస్సంత నవ్వుడే. నువ్ అచ్చినంకనే పుట్టెంటికెలు తీత్తమని మొక్కుకుంటివి. ఈ యేడు దాటితె మల్ల అయిదో యేడే. గప్పటిదాంక నాతోని కాదు. పేన్లు వడ్డయ్. రా.”

నైఫ్ రోడ్డు మీద సగం కొట్ల వాళ్ళకి తెలుగు ఒక్క ముక్క రాకపోయినా ఆ గొంతు మాత్రం కంఠతా వచ్చు. హన్మంతు అర్థం కూడా చెప్పేవాడు మరి. తర్వాత్తర్వాత ఆయన కనబడగానే సింధీ సేఠ్‌లు “బచ్చేకా బాల్ కటా క్యా?” అని అడిగేవారు. పిల్లాడి జుట్టు ఇంకా తియ్యలేదని ఈయన తల అడ్డంగా ఊపేవాడు.

సంగతేంటంటే, పెళ్ళయిన పదేళ్ళకి ఆయనకి కొడుకు పుట్టాడు. అదీ ఈయన విమానం ఎక్కాక. వేములవాడ రాజన్నకి మొక్కుకుంటే పుట్టాడని రాజేశం అని పేరు పెట్టారు. తండ్రి తన చేత్తో కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పాలి, కొడుకు పుట్టెంట్రుకలు అక్కడే తీయించాలి. అదీ మొక్కు. అందాకా ఆ తల మీద కత్తెర పడకూడదు. పుట్టెంట్రుకలు మొదటి ఏడో, మూడో ఏడో, అయిదో ఏడో తీస్తారు గానీ మధ్యలో తియ్యరు. పిల్లాడికి మూడో ఏడు అయిపోవస్తోంది. హన్మంతు వాణ్ణి ఫోటోలో చూడ్డమే. ఆ ఫోటోలో రెండు జడలు, రిబ్బన్లు, చేతిలో ఒక కోడిపిల్ల.

కాబట్టి ఆయనకి కావాల్సింది ఒక్కటే. మాఘమాసం లోపల సెలవు. ఆ కాయితం మీద సంతకం పెట్టాల్సింది మా మేనేజరు. ఇంగ్లాండు ఆయన. పేరు పెంబర్టన్. హన్మంతు వాళ్ళ ఊరి దగ్గర పెంబట్ల అని ఒక ఊరుందట, అందుకని ఈయనకి ఆయన పెంబట్ల సాబ్. మంచివాడే. కాకపోతే సెలవు కాయితం ముందు పెడితే “తర్వాత, తర్వాత” అని దాని మీద టీ కప్పు పెట్టేవాడు. ఆ కాయితం మీద గుండ్రటి మరకలు ఒకదాని మీద ఒకటి పడి గొలుసులాగా అయిపోయాయి.

ఆ సాబ్‌కి ఒక పిచ్చి ఉండేది. ఫుట్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మల అట్టముక్కలు. చిన్న చిన్న పొట్లాల్లో, చూయింగ్ గమ్ముతో కలిపి వస్తాయి చూడండి, అవి. పొట్లాలన్నీ నిండుగా ఉన్న డబ్బాలు, అవీ పదేళ్ళ కిందటివి, ఎక్కడ దొరికినా కొనేవాడు. కొని అద్దాల బీరువాలో వరసగా పెట్టేవాడు. విప్పేవాడు కాదు. ఆ బీరువా దుమ్ము తుడిచేది హన్మంతు. తుడిచి తుడిచి ఆయనకి బెంగ పట్టుకుంది.

“సూరిబాబూ, గంత సదువుకున్నోడు. డబ్బ కొంటడు, పెడతడు. ఒక్కనాడన్న ఇప్పి సూడడు. అండ్ల ఇటుకలుంటె ఎట్ల?”

“ఆయన డబ్బాలు, ఆయన ఇటుకలు. నీకెందుకన్నా?” అన్నాను.

“పాపమనిపిత్తది. అడిగెటోడు లేడు ఆయనకు.”

ఇలా ఉండగా ఒకరోజు సాబ్ మా ఇద్దర్నీ పిలిచాడు. షార్జాలో రోలా దగ్గర పాత సూక్‌లో, అంటే బజార్లో, హాజీ అని ఒక ముసలాయన కొట్టు ఉంది, పదేళ్ళ కింద ఇంగ్లీషు దొరల పిల్లల కోసం తెప్పించిన డబ్బాలు అమ్ముడుపోక అక్కడే ఉన్నాయని ఎవరో చెప్పారట. తెల్లమొహం కనబడితే హాజీ రేటు పెంచుతాడు కాబట్టి మమ్మల్ని వెళ్ళమన్నాడు. హన్మంతు కేసి చూసి, “మంచివి చూసి తే. నలిగినవి, పాడైనవి వద్దు” అన్నాడు. అని, టీ కప్పు పైకెత్తి, కింద ఉన్న సెలవు కాయితం చూపించి, “డబ్బాలు రాగానే ఇది” అని గాల్లో సంతకం పెట్టాడు.

హన్మంతు మొహం చూడాలి. ఎవరినైనా మంచివి చూసి తెమ్మంటే చాలు, ఆయన ఒళ్ళు పొంగిపోతుంది. ఇక సెలవు కోసం అంటే!

హాజీ కొట్టు నిండా కీ ఇచ్చే బొమ్మలు, చాక్లెట్లు, రంగు పెన్సిళ్ళు. కుర్రాడప్పుడు సరుకు పడవల మీద బొంబాయికి తిరిగినవాడట, అందుకని హిందీ బాగా వచ్చు. ఆయన మాటలు నేను మన మాటల్లోనే చెబుతాను. పై అరలోంచి నాలుగు డబ్బాలు దింపాడు. ఒక్కొక్కటీ మిఠాయి డబ్బా అంత. పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం బిగుతుగా చుట్టి ఉంది.

“మాల్ కొత్తది. అలాగే ఉంది” అన్నాడు హాజీ.

హన్మంతు నవ్వాడు. బొంబాయి ఇటుక వాడు కూడా అచ్చం ఇదే మాట అన్నాడు గదా. మొలలోంచి చిన్న చాకు తీసి, ప్లాస్టిక్ కాగితం చర్రున కోసేశాడు.

నాకు తెలిస్తే ఆపేవాణ్ణి. నాకేం తెలుసు? నేనూ ఆ గూటి పక్షినే. ఎమర్జెన్సీ లైటు కొంటే నాలుగు బల్బులు పెట్టించి చూసే మనిషిని. ఇక్కణ్ణుంచి ఊరికి పోయాక లోపల సరుకు లేదంటే ఎవణ్ణి అడుగుతాం? విప్పి చూసుకోవడం మాకు పద్ధతి.

లోపల పొట్లాలు. ఒక పొట్లం విప్పాడు. ఆటగాళ్ళ బొమ్మలు, వాటి వెనక గులాబీ రంగు గమ్ము రేకు. గమ్ము నోట్లో వేసుకున్నాడు. కటుక్కున విరిగింది.

“సున్నమయింది హాజీ సాబ్. ఖరాబ్.”

హాజీ నమ్మలేదు. తనూ ఒకటి నోట్లో వేసుకుని, కాసేపు నమిలి, మొహం ముడుచుకుని బయటికి వెళ్ళి ఉమ్మి వచ్చాడు. “ఖరాబే” అని ఒప్పుకున్నాడు. ఆయన నిజాయితీ ఆయనది. ఇలాంటిది పెడితే సాబ్ బీరువాకి చీమలు పడతాయని హన్మంతు ఒక్కో పొట్లం విప్పి గమ్ము తీసి చెత్తబుట్టలో పారేయడం మొదలుపెట్టాడు. హాజీ కూడా నేల మీద బాసింపట్టు వేసుక్కూచుని సాయం పట్టాడు. బేరాల్లేక ఆ ముసలాయన ఎన్నాళ్ళ నుంచి విసుగెత్తి ఉన్నాడో ఏమో, మంచి హుషారులో ఉన్నాడు.

అంతలో హన్మంతు ఆగిపోయాడు. నాలుగు అట్టముక్కలు చేతిలో పట్టుకుని దీపం కింద చూశాడు.

“హాజీ సాబ్, గిదేం మోసం? గీ మీసాలోడు నాలుగుసార్లు అచ్చిండు.”

“అలాగే వస్తాయి బాబూ. అదృష్టం.”

“అదృష్టమేంది? ఒకే తీరు అంగీలు నాలుగు ఇత్తె తీస్కుంటవా నువ్వు? మార్చు.”

హాజీ ఆలోచించాడు. న్యాయమే అనిపించినట్టుంది. రెండో డబ్బా కోశారు. అందులోంచి వేరే మొహాలు తీసి ఇందులో పెట్టి, మీసాలవాణ్ణి అందులో పడేశారు. తీరా చూస్తే అందులోనూ మీసాలవాడు ముందే ఉన్నాడు. మూడోది కోశారు. మూడు డబ్బాల బొమ్మలూ నేల మీద పరిచి, ఎర్ర అంగీల వాళ్ళు ఒక పక్క, నీలం అంగీల వాళ్ళు ఒక పక్క, బట్టతలల వాళ్ళు ఒక పక్క. బట్టతలల వాళ్ళని హన్మంతు కొంచెం మర్యాదగా విడిగా పెట్టాడు. కొన్నిటి మీద మరకలుంటే తడిగుడ్డతో తుడిచాడు.

నాలుగో డబ్బా మీదికి చాకు వెళ్ళేసరికి అజాన్ వినిపించింది. హాజీ లేచి షట్టరు సగం దించి నమాజుకి బయల్దేరాడు.

“నాలుగోది కూడా తీసుకుపోదామన్నా. సాబ్ అన్నీ తెమ్మన్నాడు గదా” అన్నాను.

“సూడకుంటనా? ఇటుకుంటె నువ్ ఇత్తవా జవాబు? ఉండనీ.”

అలా నాలుగోది కొట్లోనే ఉండిపోయింది. మూడు డబ్బాలనీ హన్మంతు మనం ఊరికి పంపే పెట్టెల్లాగే కట్టాడు. గోధుమరంగు టేపు అడ్డంగా, నిలువుగా వేసి, పైన నైలాను తాడు బిగించి, నాచేత నాకొచ్చిన ఇంగ్లీషు అక్షరాల్లో పెద్దగా సాబ్ పేరు రాయించాడు. విమానంలోంచి కిందపడినా విడదు అన్నంత గట్టిగా కట్టాడు.

సాబ్ ముందు పెట్టగానే ఆయన తాళ్ళు చూసి నవ్వాడు. లోపల మెత్తటి గుడ్డలో చుట్టి తెచ్చామనుకున్నాడేమో పాపం. టేపు కోసి మూత తీశాడు. చదునుగా వరసల్లో పేర్చిన బొమ్మలు. వాటి పక్కనే రబ్బరు బ్యాండు వేసిన ఖాళీ పొట్లాలు.

సాబ్ ఒక ఖాళీ పొట్లం తీసి వెలుగుకి పట్టుకున్నాడు. తర్వాత ఎవరు విప్పారని తనకొచ్చిన హిందీలో అడిగాడు. “కిస్నే ఖోలా?”

హన్మంతు ఛాతీ విరుచుకున్నాడు. “మై ఖోలా సాబ్! ఏక్ ఏక్ చెక్ కియా. గమ్ సబ్ ఖరాబ్ థా, ఫేంక్ దియా. డబల్ వాలా సబ్ బదల్ దియా!”

మెచ్చుకుంటాడని చూస్తున్నాడు. సాబ్ కుర్చీలో కూలబడ్డాడు. తెల్లటి మొహం ముందు ఎర్రబడింది, తర్వాత ఇంకా తెల్లబడింది. కోపం వస్తే ఆయన అరవడు, నెమ్మదిగా మాట్లాడతాడు. అదే భయం. నెమ్మదిగా చెప్పాడు. విప్పని డబ్బా అంటేనే దాని విలువ. లోపల ఏముందో ఎవరికీ తెలియకూడదు, ఎవరి చెయ్యీ పడకూడదు. ఒకసారి కోస్తే, మళ్ళీ ఎంత బాగా అంటించినా అది ఆ డబ్బా కాదు. చెప్పి, టీ కప్పు కింద నుంచి సెలవు కాయితం తీసి సొరుగులో పడేసి మూశాడు. “లీవ్ ఖలాస్” అన్నాడు.

హన్మంతుని బండి ఎక్కించుకుని గదికి బయల్దేరాను. సిగ్నల్ దగ్గర ఆగాం. ఆయన జేబులోంచి కొడుకు ఫోటో తీసి చూస్తూ కూర్చున్నాడు.

“అన్నా, ఇంగ్లీషోళ్ళ పిచ్చి మనకెలా తెలుత్తాది చెప్పు? తినేది కాదు, వాడేది కాదు, చూసేదీ కాదంట. మరెందుకంట?” అన్నాను, ఏదో ఓదార్పుగా.

ఆయన ఫోటోలో జడల మీద వేలు పెట్టాడు. “గట్ల గాదు సూరిబాబూ. గిదేం పనికత్తది? నెత్తిల పేన్లు, పొద్దుగాల లేత్తె ఏడ్పు. అయినా కత్తెర ముట్టిత్తలేం గదా. ఎందుకు?”

“పుట్టెంట్రుకలు గదా.”

“ఒక్కపారి కత్తి వడ్డదనుకో. మల్ల పెరుగుతయ్. మల్ల జడ గూడ ఎయ్యచ్చు. గని అవి పుట్టెంటికెలు కావు.” నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. “సాబ్ మూడు డబ్బలకు నేను పుట్టెంటికెలు తీసిన తమ్మీ. మొక్కు లేదు, ముహూర్తం లేదు, నడి బజార్ల.”

పచ్చ సిగ్నల్ పడింది. వెనకవాడు హారన్ కొట్టాడు. హన్మంతు ఒక్కసారి సీట్లో ఎగిరాడు.

“ఇంకోటున్నది గదా! నాలుగోది! తిప్పు, తిప్పు బండి, యల్లా!”

షార్జా దాకా ఆయన రాజన్నకి మొక్కుతూనే ఉన్నాడు. నేను కొట్టు ముందు బండి ఆపేలోపే దూకేశాడు. హాజీ మమ్మల్ని చూసి పొంగిపోయాడు. లోపల్నించి టీ తెప్పించమని కేకేసి, నాలుగో డబ్బా తెచ్చి ముందు పెట్టాడు. ఇంకో చేతిలో అట్టపెట్టెలు కోసే పెద్ద కత్తి.

“వస్తారని తెలుసు నాకు. కూర్చోండి, కూర్చోండి. ఇందులో మీసాలవాడు ఎన్నిసార్లు వస్తాడో చూద్దాం” అన్నాడు, కత్తి డబ్బా మీద ఆనించి.

హన్మంతు పెట్టిన కేకకి పక్క కొట్టువాడు బయటికొచ్చాడు. హన్మంతు డబ్బా మీద బోర్లా పడిపోయాడు, కోడి గుడ్ల మీద పడుకున్నట్టు. “నకో! నకో! ఖోల్నా నై!”

హాజీ కత్తి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. “ఏమైంది?”

“గిట్లనే కావాలె. ఇప్పద్దు.”

“చెక్ చెయ్యవా?”

“చెయ్య.”

హాజీ కళ్ళు చిన్నవయ్యాయి. “ఇందాక మూడు డబ్బాలు ఆఖరి ముక్క దాకా విప్పించావు. చచ్చిన గమ్ము నాచేత తినిపించావు. ఇప్పుడు ఇది విప్పొద్దంటున్నావు. ఇందులో ఏదో ఉంది. నీకు తెలిసింది, నాకు తెలియలేదు.” డబ్బా మెల్లగా తన వైపు లాక్కున్నాడు. “విప్పి చూశాకే అమ్ముతాను.”

చూశారా, చెక్ చేసుకోవడం ఆయనకి నేర్పింది ఎవరు? మా హన్మంతే. నాకు నవ్వాగలేదు గానీ హన్మంతు కళ్ళల్లో నీళ్ళు చూసి ఆపుకున్నాను. ఆయన అబద్ధమేమీ ఆడలేదు. ఆయనకి అది చేతకాదు కూడా. జేబులోంచి ఫోటో తీసి హాజీ చేతిలో పెట్టాడు.

“నీ కూతురా? బాగుంది” అన్నాడు హాజీ.

“కూతురు గాదు సాబ్, కొడుకు.”

హాజీ ఫోటో దూరంగా పెట్టి, మళ్ళీ దగ్గరగా పెట్టి చూశాడు. “మరి ఈ జడలేంటి?”

హన్మంతు చెప్పాడు. మొక్కు, మూడో ఏడు, కోడె, సాబ్, సొరుగులో కాయితం, అన్నీ. ఎవరి చెయ్యీ పడని జుట్టు ఎలాంటిదో ఈ డబ్బా అలాంటిదట, అది నాకు ఇవాళే తెలిసింది, కోస్తే నా కొడుకు ఇంకో రెండేళ్ళు రిబ్బన్లతోనే తిరుగుతాడు అన్నాడు.

హాజీ చాలాసేపు గడ్డం దువ్వుకున్నాడు. “మాకూ ఉంది. పుట్టిన ఏడో రోజున తీసేస్తాం. తీసి, తూచి, అంత వెండి పేదలకి ఇస్తాం. నా ఆరుగురు పిల్లలకీ నా ఒళ్ళోనే తీయించాను.” ఉన్నట్టుండి ఆయనకి కోపమొచ్చింది. “మూడేళ్ళా! పాపం పసివాడు! పేలు పట్టవా?”

“పట్టినయ్ సాబ్.”

“మరి ఇక్కడ కూచుని ఏం చేస్తున్నావయ్యా? పో!” కత్తి గల్లాపెట్టె సొరుగులో పడేసి తాళం వేశాడు. డబ్బాని పాత అరబ్బీ పేపర్లో చుట్టి హన్మంతు చేతిలో పెట్టాడు. “గుండు ఫోటో తెచ్చి నాకు చూపించాలి. చూడందే నేనూ నమ్మను.”

తిరుగు దారంతా హన్మంతు డబ్బాని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన పడ్డ యాతన చెబితే నమ్మరు. ఒకసారి చెవి దగ్గర పెట్టి ఊపాడు. ఒకసారి వాసన చూశాడు. గోరుతో మూల గీకబోయి, తన చెయ్యి తనే కొట్టుకున్నాడు. చివరికి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

“సూరిబాబూ, ఇటుకుంటె?”

“ఇటుకైతే బరువుండదా?”

“సగం ఇటుకుంటె?”

“అన్నా, ఇంకో మాటన్నావంటే దింపేసి ఎల్లిపోతాను.”

సాబ్ మమ్మల్ని చూసి మొదట తల ఎత్తలేదు. హన్మంతు పేపరు విప్పి డబ్బా బల్ల మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. సాబ్ చూశాడు. లేచాడు. డబ్బాని ఆరు వైపులా తిప్పాడు. ప్లాస్టిక్ కాగితం మడతలు వేలితో తడిమాడు. దీపం దగ్గరికి తీసుకెళ్ళాడు. అప్పుడు, ఒట్టు, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.

హన్మంతు నా కేసి చూశాడు. నేను నేల కేసి చూశాను.

“గుడ్” అన్నాడు సాబ్. “చెక్ చేశావా?” అని అడిగాడు, పెదవి చివర నవ్వుతో.

“నై సాబ్.” హన్మంతు వెనక కట్టుకున్న చేతులు ఇంకా బిగించాడు. “జిందగీ మే పైలీ బార్.”

సాబ్ గట్టిగా నవ్వి సొరుగులోంచి కాయితం తీశాడు. టీ మరకల గొలుసు మధ్యలో ఖాళీ వెతికి సంతకం పెట్టాడు. తర్వాత ఆ మూడు కోసిన డబ్బాలూ తోసి, ఇవి నాకు దేనికీ పనికిరావు, నీ కొడుక్కి పట్టుకెళ్ళు అన్నాడు.

గదిలో పెట్టె సర్దేటప్పుడు ఆ డబ్బాల్లో ఒకదాని అడుగున, అట్ట మడతలో ఇరుక్కున్న పొట్లం ఒకటి దొరికింది. హాజీతో సహా మా ముగ్గురి కళ్ళూ తప్పించుకున్న పొట్లం. సీలుతోనే ఉంది. నేను చాకు అందించాను. హన్మంతు తీసుకోలేదు.

“ఉండనీ. గిది గట్లనే మా పోరనికిత్త” అన్నాడు. ఆ రోజు గది మొత్తం ఆయన్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

తర్వాతది ఆయన తిరిగొచ్చాక చెప్పిందే. ఇంట్లో పెట్టె విప్పగానే గౌరవ్వ మూడు డబ్బాలూ చూసి మూతి తిప్పిందట. “సీల్ లేదేందయ్యా? ఎవలో ఆడి ఇడిసిపెట్టినయ్ తెచ్చినవా? నువ్ చెక్ జెయ్యలేదా?” అని. ఈయన ఏం చెబుతాడు! ఇంటిల్లిపాదీ బొమ్మలు చూసి ఇందులో మీ సాబ్ ఏడీ అని అడిగితే, నాలుగుసార్లు వచ్చిన మీసాలవాణ్ణి చూపించాడట. మిగిలిన వాళ్ళందరూ ఎవరంటే కంపెనీ వాళ్ళన్నాడట.

రాజేశం మొదటి రెండు రోజులూ తండ్రి దగ్గరికి రాలేదు. దూరంగా నిలబడి, ఈయన బట్టతల చూసి, “నీయి ఎవలు తీసిండ్రు?” అని మాత్రం అడిగాడట. వేములవాడలో హన్మంతు కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిరిగాడు. అది ఈయన్ని లాక్కుని తిరిగిందని గౌరవ్వ అంటుంది. పిల్లాణ్ణి మేనమామ భోజన్న ఒళ్ళో కూర్చోబెట్టారు. కత్తి తగలగానే వాడు ఎత్తుకున్న ఏడుపుకి మంగలాయన రెండుసార్లు ఆగాడు. జడలు రెండూ రిబ్బన్లతో సహా గౌరవ్వ కొంగులో పడ్డాయి. ఏడుపు ఎంతకీ ఆగకపోతే హన్మంతు జేబులోంచి ఆ పొట్లం తీశాడు. దుబాయ్ నుంచి బొంబాయి, బొంబాయి నుంచి జగిత్యాల, అక్కడి నుంచి రాజన్న గుడి దాకా ఆ మనిషి విప్పకుండా తెచ్చిన పొట్లం.

“ఇప్పకు బిడ్డా. మంచిగ దాసుకో” అని కొడుకు చేతిలో పెట్టాడు.

వాడు ఏడుపు ఆపాడు. పొట్లం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. పళ్ళతో పట్టుకుని చర్రున చించేశాడు. గమ్ము నోట్లో వేసుకుని, తండ్రి కొత్త చొక్కా మీద ఉమ్మాడు.

గౌరవ్వ భర్త కేసి చూసి అందట, “ఎవల పోరడో అని అనుమానమేమన్న ఉండెనా?”

మాటిచ్చాడు కాబట్టి, తిరిగి రాగానే మేమిద్దరం ఫోటో పట్టుకుని షార్జా వెళ్ళాం. ఫోటోలో నున్నటి గుండుతో రాజేశం, పక్కన మొక్కు కోసం ఉన్న నాలుగు వెంట్రుకలూ తీయించేసుకున్న హన్మంతు. పిల్లాడి పిడికిట్లో చిరిగిన పొట్లం. హాజీ కళ్ళజోడు పెట్టుకుని దీపం కింద చూశాడు. ఫోటో వెనక్కి తిప్పి అటు కూడా చూశాడు.

“బరాబర్ ఉన్నాడు” అన్నాడు. ఆ మాట ఎక్కడ పట్టాడో మాకు వేరే చెప్పక్కర్లేదు. తర్వాత ఆ పిడికిలి మీద వేలు పెట్టి, “విప్పేశాడా?” అని అడిగాడు.

హన్మంతు గుండు తడుముకున్నాడు. “ఇప్పిండు సాబ్” అన్నాడు, ఛాతీ విరుచుకుని.